మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టకండి

పిల్లలు ఇంటికి వచ్చిన పూట పెద్దవాళ్ళకు ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. "నువ్వు కూసో అమ్మా, మేం చూసుకుంటం." ప్రేమతోనే అంటారు. అలిసిపోతామని, కాళ్ళు గుంజుతాయని, ఇన్నేళ్ళు చేసింది చాలని అంటారు. హన్మకొండలో మా వీధిలో నా ఈడు వాళ్ళం సాయంత్రం గేటు దగ్గర కలిస్తే అందరిళ్ళలోనూ ఇదే మాట అని తెలుస్తుంది. కొందరు గొప్పగా చెప్పుకుంటారు, "మా కోడలు నన్ను గరిట కూడా ముట్టనియ్యదు" అని. నాకు మాత్రం అది వింటే మనసు చివుక్కుమంటుంది. పండుగకో సెలవులకో పిల్లలు వచ్చినప్పుడు మాకు దొరికే సంతోషంలో ఎక్కువ భాగం వాళ్ళతో కలిసి ఏదో ఒక పని చేయడంలోనే ఉంది. ఆ పని తీసేసి, సోఫాలో కూర్చోబెట్టి, ఫలారం ప్లేటు చేతికిస్తే మా ఇంట్లో మేమే చుట్టాలమైపోతాం.

రిటైరయ్యేదాకా నేను సర్కారు బడిలో సోషల్ టీచర్‌ను. కొడుకు కుటుంబం హైదరాబాద్‌లో, బిడ్డ కుటుంబం కరీంనగర్‌లో ఉంటారు. హన్మకొండ ఇంట్లో నేనూ మా ఆయనా. మా పరిస్థితి చాలామంది కంటే నయమని తెలుసు. పిల్లలు సముద్రాల అవతల లేరు, బస్సెక్కితే వచ్చేంత దూరంలోనే ఉన్నారు. అయినా ఇది రాయాలనిపించింది, ఎందుకంటే దగ్గరున్న పిల్లలు కూడా వచ్చి రెండు రోజులుండి, మమ్మల్ని ఏ పనీ ముట్టనియ్యకుండా చూసుకొని, తృప్తిగా వెళ్ళిపోతున్నారు. ఆ తృప్తి వాళ్ళ వరకే ఉండిపోతోంది.

మన పండుగల తీరు ఒకసారి చూడండి. బతుకమ్మలో పని లేని మనిషంటూ ఉండరు. పెత్రమాస నాడు, అంటే మహాలయ అమావాస్య నాడు, ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. మధ్యలో ఆరో రోజు అమ్మవారు అలిగిందని ఆడరు. ఊరి బయట తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చేది మగవాళ్ళూ పిల్లలూ. పేర్చేది ఆడవాళ్ళు. పసుపు ముద్దతో గౌరమ్మను చేసేది, పాట ఎత్తుకునేది ఇంట్లో పెద్దామె. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్ళు వంత అందుకుంటారు. ఆఖరి రోజు సద్దులు కలిపేటప్పుడు పులుపు చాలిందో లేదో చెప్పేదీ ఆమే. దసరా నాడైతే తాతల వంతు. జమ్మి ఆకు తెచ్చి పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి కాళ్ళు మొక్కితే గానీ పండుగ అయినట్టు కాదు. ముసలితనానికి కూడా ఒక పని, ఒక చోటు మనవాళ్ళు ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టారు. మొన్నమొన్నటిదాకా అది అట్లాగే నడిచింది.

ఇప్పుడు ఏం జరుగుతోందంటే, పేర్చిన బతుకమ్మ అంగట్లోనే దొరుకుతుంది. కొనుక్కొచ్చి, పట్టుచీరలు కట్టుకొని, ఫోటోలు దిగి, ఆడే చోటికి పోతాం. అక్కడ పెద్ద పెద్ద బాక్సుల్లో డీజే పాట. నోటికి వచ్చిన పాట ఎత్తుకుందామంటే నా గొంతు నాకే వినపడదు. ఒకప్పుడు మా అత్తగారు ఒక్క పాట ఎత్తుకుంటే అరగంట నడిచేది, మధ్యలో చరణం మరిచిపోతే ఎదురుగా ఆడే ఇంకో ముసలామె అందించేది. ఆ పాటలు రాసిపెట్టినవాళ్ళు తక్కువ, నోళ్ళలోనే ఉన్నాయి. డీజే బాక్సు ముందు నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆ నోళ్ళు మూతపడిపోతున్నాయి. దీని గురించి మాట్లాడితే చాదస్తం అంటారు. అననీయండి. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నాం, సంతోషం. ఆ పండుగలో పాట ఎత్తుకునే ముసలామె చోటు కూడా కాపాడుకోవాలి కదా.

మా ఇంట్లో నేను పట్టుబట్టి పువ్వులు ఇంటికే తెప్పిస్తున్నాను. పల్లెల నుంచి ఆడవాళ్ళు మోపులు కట్టుకొచ్చి రోడ్డు పక్కన అమ్ముతారు. గునుగు తెల్లగా ఉంటుంది, కొసన కొంచెం గులాబీ ఛాయ. చిన్న చిన్న కట్టలు కట్టి, కాడలు సమానంగా కత్తిరించి, కొసలు రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి చుట్టూ వరుసలు పేరుస్తూ పోతుంటే, మధ్యలో ఏర్పడే ఖాళీని తంగేడు ఆకులతో, తరిగిన కాడలతో నింపుతూ రావాలి. చూసేవాళ్ళకు బయటి పూలే కనపడతాయి గానీ, బతుకమ్మ నిలబడేది లోపల కూరిన ఆ ఆకుల మీదే. అది సరిగా కూరకపోతే నాలుగు వరుసలు పైకి పోగానే ఒక పక్కకు ఒరుగుతుంది. నా మనుమరాలు మూడో తరగతి. పోయిన బతుకమ్మకు దాని పని లోపల కూరడమే. అరచేతితో అదుముతూ, "నానమ్మా, ఇటు వంగుతుంది చూడు" అని నాకంటే ముందే పట్టేసింది. ఇంకొన్ని ఆకులు కూరి, ఇంకోసారి అదిమింది. అప్పుడు దాని ముఖం చూస్తే నాకు కడుపు నిండింది. ఆ సాయంత్రం వేయిస్తంభాల గుడికి పోయాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది, మా బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. దాని ముందు ఆ జనంలో తిరుగుతుంటే నా మనుమరాలి కన్ను మాత్రం మా బతుకమ్మ ఒరుగుతుందా లేదా అన్న దాని మీదే ఉంది.

ఇక సంక్రాంతి సకినాలు. వీటి గురించి రాయకుండా నేను ముందుకు పోలేను. బియ్యం ముందు రాత్రి నానబోసి, పొద్దున నీళ్ళు వంచి, గుడ్డ మీద పోసి, ఆరీ ఆరక ముందే గిర్నీకి పంపాలి. ఆ తడి పిండి జల్లించి నువ్వులు, ఓమ, ఉప్పు వేసి నీళ్ళతో కలపాలి. ఎన్ని నీళ్ళంటే కొలత చెప్పడం కష్టం. వేళ్ళ మధ్య నుంచి పిండి సాగాలి, సాగుతూ తెగకూడదు. చేతికే తెలియాలి అది. ఉతికిన పాత ధోవతి పరిచి, బొటనవేలు చూపుడువేలు మధ్య పిండిని మెలితిప్పుతూ సన్నటి పోగు వదులుతూ, చుట్టు పక్కన చుట్టు మూడు నాలుగు చుట్లు తిప్పాలి. ధోవతి తడి పీల్చుకున్నాక పళ్ళెంతో మెల్లగా లేపి నూనెలో జారవిడవాలి. ఒక్కరు చేసే పని కాదు. మా చిన్నప్పుడు వాడకట్టు ఆడవాళ్ళంతా ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు పెట్టుకునేవాళ్ళు.

కొన్నేళ్ళ కిందట కొడుకు ఫోన్ చేసి, "ఈసారి సకినాలు ఆర్డర్ పెట్టిన్నమ్మా, నువ్వు తిప్పలు పడకు" అన్నాడు. డబ్బాలు వచ్చాయి. రుచికి వంక పెట్టేదేమీ లేదు, చేసినవాళ్ళు చేయి తిరిగినవాళ్ళే. భోగి నాటికి వాళ్ళంతా వచ్చారు. వండే పని లేదు, చుట్టే పని లేదు. హాల్లో టీవీ, ఎవరి చేతిలో వాళ్ళ ఫోన్. నేను వచ్చి పక్కన కూర్చొని, "ఎట్లున్నది బిడ్డా ఆఫీసు" అంటే "బాగనే ఉందమ్మా" అన్నాడు. అంతటితో మాటలు అయిపోయాయి. తరువాతి సంక్రాంతికి ఆర్డర్ వద్దని గట్టిగా చెప్పాను. పిండి నేనే పట్టించాను. అందరూ ధోవతి చుట్టూ కూర్చున్నారు. పిండి చేతులతో ఫోన్ ముట్టుకోవడం కుదరదు. గంటసేపు అయ్యాక, అడగకుండానే కొడుకు నోరు విప్పాడు. ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజర్ గురించి, రాత్రిళ్ళు నిద్ర పట్టని టెన్షన్ గురించి, ఉద్యోగం మారాలా వద్దా అన్న దాని గురించి. కోడలికి కూడా అందులో సగం సంగతి తెలియదట. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు, చేతులు పనిలో ఉన్నప్పుడు వాటంతట అవే వస్తాయి. ఇది నేను బడిలో కూడా చూశాను. పిల్లల్ని స్టాఫ్ రూమ్‌కు పిలిచి అడిగితే నేల చూపులు చూస్తారు, బడి తోటలో మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడు ఇంటి సంగతులన్నీ చెప్తారు.

ఆ రోజే పెద్ద మనుమడు మొదటిసారి సకినం చుట్టాడు. వాడికి ఓపిక తక్కువ. పోగు తెగిన ప్రతిసారీ "నాకు రాదు" అని లేవబోయేవాడు. మా ఆయన పక్కనే కూర్చొని, తెగిన చోట రెండు కొసలూ తడి వేలితో కలపడం చూపించాడు. "మెలి ఎందుకు తాతా, ఊరికే చుడితే కాదా?" అని అడిగాడు. "మెలి తిప్పితేనే లోపల దాకా వేగుతది రా" అన్నాడు ఆయన. ఆయన ఈ పనిలో ఎప్పుడూ చేయి పెట్టిన మనిషి కాదు, నన్ను చూసి చెప్పాడు. చివరికి వాడి సకినం కోడిగుడ్డు ఆకారంలో తయారైంది. నూనెలో వేసినప్పటి నుంచి తీసేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, "అది నాది, ఎవరూ తినొద్దు" అని కాపలా కాశాడు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మోకాళ్ళు? నడుము? పడిపోతే ఎవరు చూస్తారు? ఇది తేలికగా తీసేసే మాట కాదు. నాకూ మోకాళ్ళు నొప్పులే, కింద బాసింపట్టు వేసి కూర్చోవద్దని డాక్టర్ చెప్పాడు. అందుకే ఇప్పుడు ధోవతి నేల మీద పరచం, డైనింగ్ టేబుల్ మీద పరుస్తాం. బరువు గిన్నెలు నేను లేపను. నూనె దగ్గరికి పోను. కానీ కదలొద్దని ఏ డాక్టరూ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 ఏళ్ళు పైబడినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి కాస్త శ్రమ ఇవ్వాలనీ, పడిపోకుండా ఉండటానికి వారంలో మూడు రోజులైనా ఒంటికి బలాన్ని, నిలకడను ఇచ్చే వ్యాయామాలు చేయాలనీ ఉంది. మమ్మల్ని పడిపోకుండా చూడాలనుకునేవాళ్ళు మా చేతిలో పని పూర్తిగా లాక్కుంటే, మా కాళ్ళలో ఉన్న ఆ కాస్త బలం కూడా పోతుంది. పనిని మా ఒంటికి తగ్గట్టు మార్చండి. ఎత్తు కుర్చీ వేయండి, వెలుతురు పెట్టండి, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. అంతే గానీ పని ఆపకండి.

దీనికంటే బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది, అది కోడళ్ళది. వారమంతా ఉద్యోగం చేసి, పిల్లల్ని చూసుకొని, దొరక్క దొరక్క దొరికిన నాలుగు రోజుల సెలవులో అత్తగారింటికి వచ్చి పిండి కలపాలా? ఈ ప్రశ్న ముందు నేను తల వంచుతాను. మా కాలంలో పండుగంటే మగవాళ్ళు పేకాట, ఆడవాళ్ళు పొయ్యి. పండుగ నాడు మా అమ్మ తీరిగ్గా కూర్చొని తినడం నేను చూడలేదు. ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకునే మనిషిని కాను. అందుకే మా ఇంట్లో ముందుగా లేవాల్సింది మగవాళ్ళు. పిండి గిర్నీకి మోసుకుపోయేది కొడుకు, నూనె దగ్గర నిలబడేది అల్లుడు. కోడలు పొద్దున ఎంతసేపు పడుకుంటే అంతసేపు పడుకోనిస్తాం. చేయాలనిపిస్తే వచ్చి కూర్చుంటుంది, లేకపోతే లేదు. మధ్యాహ్నం కూరలు బయటి నుంచి తెప్పించుకున్నా నాకు ఏ బాధా లేదు. సకినాలు కూడా మునుపటిలా డబ్బాల కొద్దీ చేయం. అందరూ కలిసి ఒక పూటలో ముగించగలిగినన్ని చేస్తాం. ఆడదాని నడుము విరిచి జరుపుకునే పండుగ నాకు వద్దు. అట్లాగని ఎవరి చేతికీ పిండి అంటని పండుగ కూడా వద్దు.

ప్రోగ్రాంల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. వచ్చింది మొదలు ఒక రోజు రామప్ప, ఒక రోజు లక్నవరం, ఒక పూట కోట, ఒక పూట మాల్ అని పెడతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి రామప్పకు పోని సెలవు లేదు మా ఇంట్లో. నాకు ఇష్టమే. 1213 నాటి గుడి, నీళ్ళలో తేలే ఇటుకలు, మనుమడికి చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ రోజంతా కారులో కూర్చొని తిరిగి వచ్చేసరికి ఎవరితో ఎవరమూ నాలుగు మాటలు మాట్లాడి ఉండం. ఒక్క రోజైనా ఏ ప్రోగ్రాం లేకుండా ఇంట్లో ఉండండి. సాయంత్రం నాలుగింటికి అందరూ కలిసి సర్వపిండి చేసుకొని, గిన్నె అడుగున మాడిన అంచు కోసం పిల్లలు కొట్లాడుకుంటే నాకు అదే పండుగ.

పిల్లలు లేని రోజుల గురించి కూడా జనానికి ఒక జాలి ఉంది. "ఇద్దరే ఉంటున్నరా, పాపం, పొద్దు ఎట్ల పోతది?" అని అడుగుతారు. పొద్దు సరిపోదు మాకు. తెల్లవారి భద్రకాళి చెరువు బండ్ మీద నడక. అక్కడ మా గుంపు ఒకటుంది, నడక కంటే మాటలే ఎక్కువ. వచ్చేటప్పుడు ఆకుకూరలు. ఆ తరువాత ఆయన మిద్దె మీద మిరప మొక్కలకు నీళ్ళు పోస్తుంటే నేను పేపర్ చదువుతాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. పోయిన చూపు తిరిగి వచ్చినప్పుడు మనిషికి ఎంత సంతోషమో, అది పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. మొదటి వారం నేను మా ఇంటి గోడ మీద పెచ్చు ఊడిన మరకను కూడా ఇష్టంగా చూశాను. సాయంత్రం పక్కింటి పిల్లలిద్దరు హోంవర్క్ పట్టుకొని వస్తారు. రాత్రి భోజనం అయ్యాక వీడియో కాల్. అందులో కూడా ఊరికే "తిన్నావా, పడుకున్నావా" అనుకోం. మనుమరాలు తెలుగు వాచకం గట్టిగా చదివి వినిపించాలి, తప్పుంటే నేను దిద్దాలి. అది నా పని. అది చదవని రోజు నాకు రోజు గడిచినట్టుండదు.

పండుగ అయి పిల్లలు పోయిన మర్నాడు ఇల్లు బోసిపోయినట్టుంటుంది, కాదనను. కానీ అది ఏడుపు కాదు. ఒళ్ళు అలిసి హాయిగా నిద్ర పడుతుంది. పిల్లలతో కలిసి పని చేసి పంపిన ఏడాదికీ, డబ్బాలు తెరిచి పెట్టి పంపిన ఏడాదికీ ఆ నిద్రలోనే తేడా తెలిసింది నాకు.

రావడం పోవడం ఒకవైపే ఉండాలని కూడా ఏమీ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేకుండా చేశారు. ఆ పథకం మీద ఎవరి వాదనలు వాళ్ళకు ఉన్నాయి. నా అనుభవం మాత్రం ఇది. హన్మకొండ బస్టాండ్‌లో ఎక్కి, ఆధార్ చూపించి, జీరో టికెట్ చేతిలో పట్టుకొని, హుజూరాబాద్ మీదుగా బిడ్డ ఇంటికి పోతాను. అంతకు ముందు చార్జీల లెక్క ఒకటి, కొడుకునో అల్లుడినో కారు అడగడం ఒకటి, అట్లా వాయిదా పడుతుండేది. ఇప్పుడు ఎవరినీ అడిగేది లేదు. బస్సులో నా ఈడు ఆడవాళ్ళు చాలామంది కనిపిస్తారు, ఒడిలో సంచి, సంచిలో తొక్కు సీసా. ఎక్కడికని అడిగితే బిడ్డ దగ్గరికనో, చెల్లె దగ్గరికనో అంటారు. పెద్దవాళ్ళు ఇంట్లో కూర్చొని ఎదురుచూస్తారని రాసేవాళ్ళు ఒకసారి ఆ బస్సెక్కి చూడాలి.

కరీంనగర్‌లో మా బిడ్డకు నా సంగతి అర్థమైంది. నేను గుమ్మంలో చెప్పులు విడవగానే "కూసో" అనడం మానేసింది. మామిడికాయల కాలమైతే కత్తిపీట, బట్ట, కాయల గంప ఎదురుగా పెడుతుంది. లేకపోతే పిల్ల తల దువ్వమని నూనె సీసా ఇస్తుంది.

వచ్చే సంక్రాంతికి కొడుకుతో ఇప్పుడే మాట తీసుకున్నాను. భోగి నాటికి దిగితే కుదరదు, రెండు రోజుల ముందే రావాలి. బియ్యం నానబోయడం నా వంతు, గిర్నీ వాడి వంతు. మనుమడికి ఈసారి చుట్టడమే కాదు, పిండి కలపడం కూడా నేర్పుతాను. నీళ్ళు ఎక్కువై ఒక ముద్ద పాడైనా పర్వాలేదు, దాంట్లో ఇంకో గ్లాసు పొడి పిండి వేసుకుంటాం. ఐనవోలు మల్లన్న జాతరకు కనుమ తరువాతే పోదామని మా ఆయన అన్నాడు. కోడలు భోగికి ముందు ఆ రెండు రోజులూ తన స్నేహితురాలి ఇంటికి కాజీపేట పోయి వస్తానంది. పోయి రమ్మన్నాను.